వెంట్రుకవాసిలో రెండుసార్లు మెడల్ పోగొట్టుకున్న గెరార్డ్ వాన్ వెల్డె

1992 ఆల్బర్ట్‌విల్ ఒలింపిక్స్, మగవాళ్ళ 1000 మీటర్ల స్పీడ్ స్కేటింగ్ రిజల్ట్ ఒకసారి చూడండి. జర్మనీ ఓలాఫ్ జింకె 1:14.85తో గోల్డ్, కొరియా కిమ్ యూన్ మాన్ 1:14.86, జపాన్ యుకినోరి మియాబె 1:14.92. నాలుగో పేరు నెదర్లాండ్స్ కుర్రాడు గెరార్డ్ వాన్ వెల్డె, 1:14.93. సెకన్‌లో వందో వంతు తేడాతో బ్రాంజ్ పోయింది, అప్పటికి అతనికి 20 ఏళ్ళే. పోన్లే చిన్నవాడు, ఇంకా టైముందిలే అనుకుంటాం కదా, కానీ ఈలోపు ఆటే మారిపోయింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక యూనివర్సిటీ వాళ్ళు తయారు చేసిన క్లాప్ స్కేట్ 1990ల చివర్లో రేసుల్లోకి వచ్చేసింది. ఇందులో బూటు మునివేళ్ళ దగ్గర మాత్రమే బ్లేడ్‌కి అంటుకుని ఉంటుంది, అక్కడ ఒక కీలు, మడమ వైపు ఖాళీ. కాలు తోసినప్పుడు మడమ పైకి లేస్తుంది, బ్లేడ్ మాత్రం ఇంకాసేపు ఐస్ మీదే ఉంటుంది, తర్వాత స్ప్రింగ్ లాగేసి టప్‌మని మూసుకుంటుంది. మన హవాయి చెప్పులు నడిచేటప్పుడు మడమకి కొట్టుకుంటాయే, సేమ్ అలాగే. పాత స్కేట్‌లో చీలమండ పూర్తిగా చాపితే బ్లేడ్ ముక్కు ఐస్‌లోకి దిగబడుతుంది కాబట్టి అందరూ దాన్ని బిగబట్టి తోయడం నేర్చుకున్నారు, ఇప్పుడేమో చాపమంటున్నారు. చిన్నప్పట్నుంచి ఒంటికి పట్టిన అలవాటుని రేసు మధ్యలో మార్చుకోవాలి, వందో వంతుల్లో మెడల్ తేలే ఆటలో.

ఇది ఎంత కష్టమో నాకు అర్థమైంది మా పాప వల్ల. ఇందిరా పార్క్ రింక్‌లో నేర్చుకుంటోంది, నాలుగు చక్రాల క్వాడ్స్ మీద బాణంలా వెళ్ళే పిల్ల, చక్రాలన్నీ ఒకే వరసలో ఉండే ఇన్‌లైన్‌కి మారగానే చీలమండలు రెండూ లోపలికి వాలిపోయి, లేసులు ఎంత బిగించినా నిలబడలేక రెయిలింగ్ పట్టుకుని ఉండిపోయేది. కోచ్ సార్ పక్కనే నడుస్తూ "వెనక్కి కాదు బేటా, పక్కకి తొయ్యి, పక్కకి" అంటూనే ఉంటారు. దానికి తెలుసు పక్కకి తొయ్యాలని, కాళ్ళకే తెలీట్లేదు. ఆరేళ్ళ పిల్లకే అలా ఉంటే, ఒలింపిక్ లెవెల్‌లో స్ప్రింటర్‌గా స్థిరపడినవాడి సంగతేంటి!

వాన్ వెల్డెకి క్లాప్ స్కేట్ పడలేదు. 1998 నగానో ఒలింపిక్స్‌కి వెళ్ళలేకపోయాడు, వాళ్ళ దేశం వాళ్ళే ఆ 1000 మీటర్లలో గోల్డ్, సిల్వర్ కొట్టారు. ఇతను స్కేటింగ్ మానేసి కార్లు అమ్మే పనిలో చేరాడు. మళ్ళీ ఎందుకొచ్చాడో గానీ వచ్చాడు, ఆ కొత్త స్కేట్ మీదే మొదట్నుంచి నేర్చుకున్నాడు. నాకైతే అతని కెరీర్‌లో అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, గోల్డ్ కూడా దీని తర్వాతే.

2002 సాల్ట్ లేక్ సిటీ. ముందు 500 మీటర్లు, అప్పట్లో రెండు రేసుల టైమ్ కలిపి చూసేవాళ్ళు. బ్రాంజ్ కిప్ కార్పెంటర్‌కి 69.47, వాన్ వెల్డెకి 69.49. మళ్ళీ నాలుగో స్థానం! పదేళ్ళు గడిచాక, 30 ఏళ్ళ వయసులో, మళ్ళీ అదే! ఇది చదివినప్పుడు నాకు నిజంగా కడుపులో తిప్పేసింది.

నాలుగు రోజులకి, ఫిబ్రవరి 16న 1000 మీటర్లు. 1:07.18, వరల్డ్ రికార్డు, గోల్డ్. సిల్వర్ కొట్టిన యాన్ బోస్ కూడా డచ్ వాడే, 1:07.53. అంటే 0.35 సెకన్ల తేడా, జీవితమంతా వందో వంతులకి ఓడిపోయినవాడు ఈసారి ఎవరికీ అనుమానమే లేకుండా గెలిచాడు. ఆ రికార్డు 2005 నవంబర్‌లో షానీ డేవిస్ బద్దలు కొట్టేదాకా మూడేళ్ళకి పైగా నిలబడింది.

తర్వాత కోచ్ అయ్యాడు. 2014 సోచిలో 500 మీటర్లు గెలిచిన మిషెల్ ముల్డర్ ఇతని శిష్యుడే, ఆ అబ్బాయి కూడా ఇన్‌లైన్ నుంచి వచ్చినవాడే (ఇది చెప్తే మా పాప కళ్ళు ఇంతింత చేసుకుంది). అక్కడ స్కోర్‌బోర్డు మీద ముందు యాన్ స్మేకెన్స్ గెలిచినట్టే వచ్చింది, అతను సంబరం కూడా చేసుకున్నాడు, టైమ్ సరిచేశాక తేలింది, మిషెల్ 69.312, స్మేకెన్స్ 69.324.