సి సర్టిఫికెట్ దాకా: బెంగళూరులో మూడేళ్ల ఎన్‌సీసీ, నా అనుభవం

బెంగళూరులో డిగ్రీ చదువుతూ ఎన్‌సీసీ ఆర్మీ వింగ్‌లో మూడేళ్లు ఉండి, అందులో అన్నిటికంటే పై మెట్టయిన సి సర్టిఫికెట్ తీసుకున్నాను. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చి ఇక్కడి కాలేజీల్లో చేరే మన పిల్లలకు పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను.

ముందు పేరు సంగతి. పదో తరగతి మెమోలో మనకు ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో చివరికి పోతుంది, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒట్టి పొడి అక్షరంగా మిగులుతుంది. చేరేటప్పుడే మూడూ ఒకేలా ఉండేట్టు సరిచేయించుకోండి. క్యాంపు సర్టిఫికెట్ చేతికి రాగానే అక్కడే నిలబడి ప్రతి అక్షరం చూసుకోవాలి. నాదాంట్లో ఒక అక్షరం తప్పు పడితే దిద్దించుకోవడానికి నెలలు పట్టింది.

సి పరీక్షకు కూర్చోవాలంటే దాని కింది మెట్టయిన బి సర్టిఫికెట్, పరేడ్‌లకు 75 శాతం హాజరు, క్యాంపులు ఉండాలి. అవకాశం వచ్చిన మొదటి పది రోజుల క్యాంపుకే వెళ్లిపోండి. వాయిదా వేస్తే చివరి ఏడాది ఇంటర్నల్స్, క్యాంపు ఒకే వారంలో వచ్చి పడతాయి. చదువులో వెనకబడినవాళ్ల కంటే హాజరు తగ్గి ఆగిపోయినవాళ్లనే ఎక్కువ చూశాను.

డ్రిల్ ఆజ్ఞలన్నీ హిందీలోనే. తెలుగు లిపిలో రాసుకుని బట్టీ పట్టినా తప్పులేదు. కానీ ప్రతి ఆజ్ఞలో రెండు ముక్కలుంటాయని పట్టుకోవాలి: వెనక్కి తిరగమనే ఆజ్ఞలో 'పీఛే' అని సాగదీస్తారు, 'ముడ్' అని తెంపుతారు. కదలాల్సింది రెండోదానికే. మొదటి ముక్కకే భుజం కదిలించడం కొత్త క్యాడెట్లందరూ చేసే పొరపాటు. సావధాన్‌లో (నిటారుగా కదలకుండా నిలబడడం) మడమలు కలిసి, పాదాల మధ్య 30 డిగ్రీల కోణం ఉండాలి. విశ్రామ్‌లో (కాళ్లు ఎడంగా పెట్టి నిలబడడం) 12 అంగుళాల ఎడం. పరీక్షలో స్క్వాడ్‌ను, అంటే క్యాడెట్ల చిన్న జట్టును, మీరే ఆజ్ఞలిచ్చి నడిపించమంటారు. అక్కడ గొంతు పూడిపోతే మార్కులు పోయినట్టే. రోజూ మైదానం ఆ చివర నిలబడ్డ స్నేహితుడికి వినపడేలా అరిచి సాధన చేయండి, గొంతు చించుకోకుండా పొట్టలోంచి.

రైఫిల్ విషయంలో కాస్త ఆగి చెబుతాను, అందరూ తేలిగ్గా తీసుకునేది ఇదే. .22 రైఫిల్ బ్యారెల్ (గొట్టం) తుడిచే గుడ్డ ముక్కను చిందీ అంటారు. పొడిగా తుడవడానికి 4 అంగుళాలకు 2, నూనె పట్టించడానికి 4కు 1½. ఈ కొలతలు వైవాలో తప్పక అడుగుతారు. గుడ్డ మందమైతే బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. చిందీని బ్యారెల్‌లోంచి లాగే తాడును పుల్‌త్రూ అంటారు. దాని బరువును బ్రీచ్ (బ్యారెల్ వెనక కొస) వైపు నుంచి వదిలి, మజిల్ (ముందు కొస) దగ్గర తాడును నిటారుగా లాగాలి. పక్కకు లాగితే తాడు అంచును ఒరుసుకుని అరగదీస్తుంది, ఆ తర్వాత గుండు సూటిగా పోదు.

ఫైరింగ్‌లో గుండ్లు నడిమధ్య తగల్లేదని బెంగపడొద్దు. గ్రూపింగ్‌లో చూసేది అన్నీ ఒకచోట పడ్డాయా అనే. గుంపు మొత్తం పక్కకు పడితే రైఫిల్ మీద గురి చూసే సైట్‌ను సరిచేయొచ్చు. చెల్లాచెదురైతే మాత్రం తప్పు మన ఊపిరిలోనో, ట్రిగ్గర్‌ను గుంజే వేలిలోనో ఉంటుంది.

మ్యాప్ రీడింగ్ అంటే మనవాళ్లకు భయమెందుకో నాకు అర్థం కాదు, మార్కులు గ్యారంటీగా వచ్చేది అందులోనే. మ్యాప్ మీద ఒక చోటును అంకెల్లో చెప్పే గ్రిడ్ రిఫరెన్స్‌లో ముందు ఈస్టింగ్ (తూర్పుకు పెరిగే నిలువు గీతల అంకె), తర్వాత నార్తింగ్ (ఉత్తరానికి పెరిగే అడ్డగీతల అంకె). ఈస్టింగ్ 23 దాటి నాలుగు పదో వంతులు, నార్తింగ్ 47 దాటి ఆరు పదో వంతులు అయితే 234476. తిరగేశారా, పూర్తిగా వేరే చోటికి పోతారు. 1:50,000 మ్యాప్‌లో 2 సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. బేరింగ్ అంటే ఉత్తరం నుంచి డిగ్రీల్లో కొలిచే దిశ. దానికి సరిగ్గా ఎదురు దిశ, అంటే బ్యాక్ బేరింగ్ కావాలంటే, 180 లోపుంటే 180 కలపాలి, మించితే తీసేయాలి: 65కు 245, 310కు 130. కంపాస్ పట్టుకున్నప్పుడు రైఫిల్, బండ్లు, కరెంటు తీగలు దూరంగా ఉండాలి. ఇనుము దగ్గరుంటే ముల్లు అబద్ధం చెబుతుంది.

యూనిఫాం గురించి ఒక్కటే: కొత్త బెరే (యూనిఫాం ఉన్ని టోపీ) తలమీద పళ్లెంలా నిలబడుతుంది. గోరువెచ్చని నీళ్లలో తడిపి, పిండి, తలకు పెట్టుకుని కుడివైపు లాగి, ఆకారం కుదిరాక నీడన ఆరనివ్వండి. ఎండలో వేస్తే ముడుచుకుపోతుంది.

ఆర్మీ అధికారి కావాలనుకునేవాళ్లు గ్రేడ్ మీద కన్నేయాలి. ఎన్‌సీసీ క్యాడెట్లను ఆర్మీ అధికారులుగా తీసుకునే స్పెషల్ ఎంట్రీకి సి సర్టిఫికెట్‌లో కనీసం బి గ్రేడ్, డిగ్రీలో 50 శాతం అడుగుతారు. అధికారుల ఎంపికకు పెట్టే సీడీఎస్ రాతపరీక్ష లేకుండా నేరుగా ఎస్‌ఎస్‌బీకి, అంటే అధికారులను ఎంచే ఇంటర్వ్యూకు, పిలుస్తారు. ఎస్‌ఎస్‌బీ జరిగే సెలెక్షన్ సెంటర్లలో ఒకటి బెంగళూరులోనే ఉంది, ఎంపికైతే శిక్షణ చెన్నైలోని ఓటీఏలో (అధికారుల శిక్షణ అకాడమీ). ఆ గ్రేడ్ కోసమే సి పరీక్షకు ముందు నెల రోజులు నేను కొత్త పాఠం ఒక్కటీ ముట్టుకోలేదు. పొద్దున డ్రిల్, రాత్రి రోజుకో మ్యాప్ లెక్క, అంతే.