43 శాతం హైకు

తెలుగు కవిత్వంలో హైకూ అంటే మూడు పాదాలు. హైదరాబాదు సాఫ్ట్‌వేరు లోకంలో హైకు అంటే జీతం పెంపు: ఒకే ఒక్క అంకె, దాని పక్కన శాతం గుర్తు. పెళ్లిచూపుల్లోనైనా, అపార్టుమెంటు లిఫ్టులోనైనా, పాత సహోద్యోగుల వాట్సాప్ గ్రూపులోనైనా, ఎవరో ఉద్యోగం మారారని తెలియగానే వచ్చే మొదటి ప్రశ్న "హైకెంత?" అన్నదే. పదిహేనేళ్లుగా ఈ ఊళ్లో ఉద్యోగం చేస్తూ నాలుగు కంపెనీలు చూసినవాణ్ణి కనుక ఆ ప్రశ్న నేనూ చాలామందిని అడిగాను, నన్ను అడిగినవాళ్లకు ఒకింత గర్వంగానే జవాబు చెప్పాను. ఆ అంకె వెనకనున్న కాగితాన్ని చదవడం మాత్రం దెబ్బలు తిన్నాకే నేర్చుకున్నాను.

గత నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా అక్క కొడుకు కె.పి.హెచ్.బి. ఆరో ఫేజులోని మా ఇంటికి వచ్చాడు. సైబర్ టవర్స్ ప్రారంభమైన 1998లోనే పుట్టాడు కనుక వాణ్ణి ఇంట్లో హైటెక్ బాబు అని ఏడిపిస్తుంటాం. "మామయ్యా, పన్నెండు అరవై నుంచి పద్దెనిమిది. 43 శాతం," అంటూ ఫోను నా చేతిలో పెట్టాడు. అది పదకొండు పేజీల ఆఫర్ లెటరు. అందులో వాడు చదివినవి మొదటి పేజీ, సంతకం పెట్టాల్సిన చివరి పేజీ. ఫోనులో చదివితే కళ్లు పెద్ద అంకెల దగ్గరే ఆగిపోతాయని నాకొక మూఢనమ్మకం. అందుకని కింద జిరాక్సు షాపుకు పంపి ప్రింటు తెప్పించాను. మా ఆవిడ ఉప్మా ప్లేట్లు పక్కకు జరిపి చోటిచ్చింది. పాత కంపెనీ పే స్లిప్పు ఒకవైపు, కొత్త కంపెనీ ఇచ్చిన జీతం పట్టిక మరొకవైపు పెట్టుకుని ఇద్దరం కాల్‌క్యులేటరుతో కూర్చున్నాం.

ముందు పాత లెక్క. 12,60,000 సీటీసీలో (ఒక ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చులో) బేసిక్, అంటే మూల వేతనం, నెలకు 42,000. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ ఏడాదికి 60,480, గ్రాట్యుటీ (ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చే సొమ్ము) పేరున చూపించింది 24,000 పైచిలుకు. ఈ రెండూ తీసేస్తే నెల జీతం దాదాపు 97,900. అందులోంచి వాడి వంతు పీఎఫ్, తెలంగాణ వృత్తి పన్ను 200 పోగా బ్యాంకులో పడేది 92,700.

ఇక కొత్తది. 18 లక్షల్లో 2,70,000 వేరియబుల్ పే. అంటే కంపెనీ బాగుండి, వాడి రేటింగు బాగుండి, ఆ సమయానికి వాడు ఇంకా అక్కడే ఉంటే ఏడాది చివర వచ్చే డబ్బు. మరో 1,50,000 జాయినింగ్ బోనసు. మొదటి ఏడాది మాత్రమే వచ్చే ఆ సొమ్మును కూడా సీటీసీలో కలిపేశారు. ఈ రెండూ పోతే మిగిలిన 13,80,000లో కంపెనీ కట్టే పీఎఫ్ 82,800, గ్రాట్యుటీ 33,000, పాత కంపెనీ తన ఖర్చుతోనే ఇచ్చిన ఆరోగ్య బీమాకు ఇక్కడ జీతంలోంచే 24,000. చివరికి తేలిన నెల జీతం 1,03,300. కోతలు పోగా చేతికి 96,200. పాత జీతానికీ దీనికీ తేడా నెలకు 3,500 రూపాయలు. వాడు నా చేతిలోంచి కాల్‌క్యులేటరు లాక్కుని మొదటి నుంచి మళ్లీ నొక్కాడు. అదే వచ్చింది.

పన్ను సంగతి చూస్తే ఇంకా బాధ. 2025 ఏప్రిల్ నుంచి కొత్త పన్ను విధానంలో జీతగాళ్లకు 12,75,000 దాకా ఆదాయపు పన్ను లేదు కనుక పాత జీతం మీద వాడు కట్టేది సున్నా. కొత్త నెల జీతాన్ని మాత్రమే లెక్కిస్తే అదీ ఆ గీత దాటదు. జాయినింగ్ బోనసు కలవగానే దాటుతుంది, దాటాక 4 లక్షల పైనున్న మొత్తానికంతటికీ స్లాబుల ప్రకారం పన్ను పడుతుంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా పూర్తిగా కొత్త కంపెనీలోనే పనిచేశాడనుకుంటే, లక్షన్నర బోనసు తీసుకున్నందుకు కట్టవలసింది సుమారు 80,000. పైగా ఎనిమిదో పేజీలో ఒక నిబంధన ఉంది: రెండేళ్లలోపు మానేస్తే బోనసు మొత్తం వెనక్కి ఇవ్వాలి. మొత్తం అంటే పన్ను పోగా మిగిలింది కాదు, లక్షన్నర.

గ్రాట్యుటీ గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మనవాళ్లు అత్యంత నిర్లక్ష్యంగా వదిలేసేది దాన్నే. పర్మనెంటు ఉద్యోగికి ఒకే సంస్థలో అయిదేళ్ల సర్వీసు నిండితేనే అది చేతికి వస్తుంది. ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలకు 26 పనిదినాల లెక్కన, చివరి జీతం మీద కడతారు. సీటీసీ పట్టికల్లో బేసిక్‌లో 4.81 శాతం అని కనిపించే అంకె ఆ లెక్కలోంచి వచ్చినదే: 15ను 26తో, ఆపైన 12తో భాగిస్తే అంతే వస్తుంది. మావాడికి పాత కంపెనీలో నాలుగేళ్ల రెండు నెలలు. మూడు నెలల నోటీసు పూర్తిచేసి వెళ్లినా అయిదేళ్లకు ఏడు నెలల దూరంలో ఆగిపోతాడు. బేసిక్ మీద లెక్క కట్టినా పోయేది 1,21,000. 2025 నవంబరు 21న కొత్త కార్మిక చట్టాలైన లేబర్ కోడ్‌లు అమలులోకి వచ్చాక అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే ఆ పైది కూడా వేతనం కిందికే వస్తుంది కనుక నిజంగా పోయేది ఇంకా ఎక్కువే. ఏటా జీతంలో భాగమని చూపిస్తూ వచ్చిన ఆ 24,000 వాడు ఏనాడూ కళ్లజూడలేదు, ఇక చూడడు కూడా. కాంట్రాక్టు మీద నిర్ణీత కాలానికి చేరినవాళ్లకు ఈ కోడ్‌ల కింద ఏడాది సర్వీసుకే గ్రాట్యుటీ హక్కు వచ్చింది. ఆ పద్ధతిలో పనిచేస్తున్నవాళ్లు తమ ఒప్పందం కాగితాన్ని ఒకసారి తీసి చూసుకోవాలి.

"అయితే ఈ ఆఫరు మానెయ్యమంటావా మామయ్యా?" అన్నాడు మొహం వేలాడేసి. మానెయ్యమనలేదు. నాలుగేళ్లుగా వాడు చేస్తున్నది రాత్రి షిఫ్టులో సపోర్టు టికెట్లు మూసే పని. తెల్లవారుజామున క్యాబు దిగి ఇంటికి వచ్చి, పడుకునే ముందు ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటెల్ పాఠాలు విని, సొంతంగా డేటా ఇంజినీరింగు నేర్చుకున్నాడు. ఆ పాఠాలు ఉచితమే, సర్టిఫికెట్టు కావాలంటే పరీక్షకే ఫీజు. అంతకు పదింతలు పోసి అమీర్‌పేటలో నేర్చుకున్న నేను ఆ విషయంలో వాణ్ణి చూసి కుళ్లుకుంటాను. కొత్త ఉద్యోగం రాయదుర్గంలోని ఒక విదేశీ బ్యాంకు గ్లోబల్ కేపబిలిటీ సెంటర్లో, అంటే ఆ బ్యాంకు తన పనికోసం ఇక్కడ పెట్టుకున్న సొంత ఆఫీసులో. ఈమధ్య హైదరాబాదులో అనుభవజ్ఞులను ఎక్కువగా తీసుకుంటున్నవి ఇలాంటి సెంటర్లే. క్లయింటు ప్రాజెక్టు అయిపోతే పని లేకుండా బెంచి మీద కూర్చోబెట్టే పద్ధతి వీటిలో ఉండదు, పని సంస్థ సొంతానిది. అక్కడ వాడికి దొరకబోయేది టికెట్లు మూసే పని కాదు, డేటా పైప్‌లైన్లు కట్టే పని, అదీ పగటిపూట. ఇల్లు ఉప్పల్లో కనుక మెట్రో ఎక్కితే ఎక్కడా మారకుండా దిగవచ్చు. మూడేళ్ల తర్వాత వాడి రెజ్యూమేకు వచ్చే బరువును ఈ పనితోనే కొలవాలి. 3,500 రూపాయల కోసం వెళ్తున్నానని తెలిసి వెళ్లడం వేరు, 43 శాతం అనుకుని వెళ్లి మొదటి నెల జీతం మెసేజి చూసి కుంగిపోవడం వేరు.

నా సొంత తప్పులు కూడా ఆరోజు వాడి ముందు పరిచాను. 2014లో మొదటిసారి కంపెనీ మారినప్పుడు నాలుగేళ్ల పీఎఫ్ బదిలీ చేయించుకోకుండా, పింఛను వాటాతో సహా మొత్తం తీసేసి బుల్లెట్ బండి కొన్నాను. అయిదేళ్లు నిండకుండా తీస్తే ఆ సొమ్ముకు పన్ను ఉంటుందని తెలియదు. ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు ఉంటేనే పింఛను అర్హత అని, వాటా తీసేస్తే ఆ లెక్క మళ్లీ ఒకటి నుంచి మొదలవుతుందని అంతకన్నా తెలియదు. 2020లో నిండవలసిన నా పదేళ్లు 2024లో నిండాయి. బండి ఎప్పుడో అమ్మేశాను. ఇప్పుడు ఎన్ని కంపెనీలు మారినా పీఎఫ్ నంబరు (యూఏఎన్) ఒక్కటే ఉంటుంది కనుక పాత ఖాతాను కొత్తదానిలోకి ఆన్‌లైన్లోనే మార్చుకోవచ్చు. కొత్త కంపెనీలో పొరపాటున రెండో యూఏఎన్ పుట్టకుండా చూసుకుంటే చాలు.

2016 అక్టోబరులో రెండోసారి మారినప్పుడు ఇంకో ఘనకార్యం చేశాను. ఆ ఏడాది పాత కంపెనీలో ఆరు నెలలు సంపాదించిన జీతం వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వలేదు. ఇద్దరూ విడివిడిగా నాకు రెండున్నర లక్షల మినహాయింపు ఇచ్చారు, ఒకే ఎల్ఐసీ రసీదులు ఇద్దరి దగ్గరా చూపించాను, ఇద్దరి లెక్కలోనూ పన్ను సున్నా వచ్చింది. మరుసటి జులైలో రిటర్ను వేయబోతే రెండు జీతాలూ కలిసి 77,000 పన్ను, దాని మీద వడ్డీ. ఆడిటరుగారు నన్ను జాలిగా చూసిన చూపు ఇప్పటికీ గుర్తు. ఏడాది మధ్యలో మారేవాళ్లు చేరిన మొదటి వారంలోనే పాత జీతం, కోసిన పన్ను వివరాలు కొత్త కంపెనీకి ఇవ్వాలి.

ఆ మార్పులోనే రిలీవింగ్ లెటరు (పాత కంపెనీ మనల్ని వదిలినట్టు ఇచ్చే కాగితం) కథ కూడా ఉంది. మాదాపూర్‌లోని అప్పటి కంపెనీలో నా నోటీసు 90 రోజులు. మా మేనేజరు భుజం తట్టి "నలభై అయిదు రోజులకు వదిలేస్తాం, నేను చూసుకుంటా" అన్నాడు. నేను నమ్మాను, ఆయన కూడా మనస్ఫూర్తిగానే అన్నాడని ఇప్పటికీ అనుకుంటాను. కానీ ఆ మాట మెయిలులో లేదు. నేను వెళ్లిన వారానికే ఆయన వేరే ఊరికి బదిలీ అయ్యాడు, హెచ్.ఆర్. వాళ్ల రికార్డులో నేను నోటీసు ఎగ్గొట్టినవాణ్ణి అయ్యాను. మిగిలిన 45 రోజుల జీతం కట్టించుకుని మూడు నెలల తర్వాత కాగితం ఇచ్చారు. ఆ మూడు నెలలూ కొత్త ఆఫీసులో ప్రతి సోమవారం ఒక మెయిలు వచ్చేది, రిలీవింగ్ లెటరు ఏదీ అని. అప్పటి నుంచి ఎవరైనా నాకు నోటిమాటగా ఏదైనా ఒప్పుకుంటే, వెంటనే వచ్చి "ఇప్పుడు మనం అనుకున్న ప్రకారం" అని మొదలుపెట్టి ఒక మెయిలు పంపడం అలవాటైంది. రిలీవింగ్ తేదీ కాగితం మీద ఖాయమయ్యాకే కొత్త కంపెనీకి చేరే తేదీ చెప్పాలని మావాడికి గట్టిగా చెప్పాను.

మాటల్లో వాడి స్నేహితుడి సంగతి వచ్చింది. ఉద్యోగం ఖాయమంటూ ఒక కన్సల్టెన్సీ అతన్ని డిపాజిట్టు అడుగుతోందట, లేని రెండేళ్ల అనుభవానికి సర్టిఫికెట్టు కూడా తామే ఇస్తామందట. డబ్బు తీసుకుని ఉద్యోగమిచ్చే అసలైన కంపెనీని ఈ పదిహేనేళ్లలో నేను చూడలేదు. డబ్బు ఇప్పటికే కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి. దొంగ అనుభవం సంగతికొస్తే, ఈరోజుల్లో బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో అన్నిటికన్నా ముందు అడిగేది పీఎఫ్ సర్వీసు వివరాలే. ఆ రెండేళ్లకు మీ పేరున ఏ కంపెనీ పీఎఫ్ కట్టలేదంటే, చేరిన ఆర్నెల్లకైనా బయటపడుతుంది. తీసేసినవాళ్లను చూశాను. వాళ్లలో ఒకరిద్దరు నిజంగా పని వచ్చినవాళ్లు, అదే బాధ.

సోమవారం వాడు కొత్త కంపెనీ హెచ్.ఆర్.కు ఒక మెయిలు రాశాడు. చిత్తుప్రతి నాకు చూపించాడు, నేను రెండు చోట్ల బతిమాలే ధోరణి తీసేయించాను. అందులో అడిగినవి మూడే: వేరియబుల్‌లో సగం నెల జీతంలో కలపడం, బోనసు తిరిగివ్వవలసిన గడువు రెండేళ్ల నుంచి ఏడాదికి తగ్గించి నెలల లెక్కన తీసుకోవడం, పోతున్న గ్రాట్యుటీకి ఏదైనా పరిహారం. అడిగితే ఆఫరు వెనక్కి తీసుకుంటారేమోనని వాడికి భయం. మర్యాదగా, లెక్కతో అడిగినందుకు ఆఫరు రద్దుచేసిన కంపెనీ నాకు తారసపడలేదు; అలా చేసేది ఎదురైతే, చేరకముందే తెలిసినందుకు సంతోషించాలి.

గురువారం సాయంత్రం జవాబు వచ్చింది. మొదటి రెండూ ఒప్పుకున్నారు, మూడోది కుదరదన్నారు. వేరియబుల్‌లో సగం కలవడంతో పన్నుకు ముందు నెల జీతం మరో పది వేలు పెరిగింది. సవరించిన ఆఫర్ లెటరు ఈసారి పదకొండు పేజీలూ చదివి, ఆరో పేజీలో సెలవుల నిబంధన గురించి నాకే ఒక సందేహం అడిగాడు. ఆ రాత్రే పాత కంపెనీలో రాజీనామా పెట్టాడు.

మర్నాడు పొద్దున అక్క ఫోను చేసింది. "పిల్లాడికి 43 శాతం పెరిగిందటగా! మీ బావ పొద్దుటి నుంచి అందరికీ ఫోన్లు చేసి చెబుతున్నారు," అంది. కాల్‌క్యులేటరు ఇంకా టేబులు మీదే ఉంది. అవునక్కా అన్నాను.