ఇంటిపేరు ఏ గడిలో ఉండాలి

మాది ఆంధ్రప్రదేశ్‌లో కనిగిరి దగ్గరి పల్లె. దోహాలో ఒక నిర్మాణ సంస్థ జీతాల విభాగంలో పని చేస్తున్నాను. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి వచ్చే మనవాళ్ల జాబితాల్లో ఇంటిపేరు ముందు, పేరు తరువాత ఉంటాయి. మా సాఫ్ట్‌వేర్‌కు పేరే ముందు కావాలి. ఖతార్‌లో 2015 నుంచి కార్మికుల జీతాలు బ్యాంకు ఖాతాల్లోనే వేయాలన్న నియమం ఉన్నందున, ఈ ఫైలులో ఒక గడి తప్పితే ఒకరి జీతం ఆగుతుంది.

మొదట్లో, యూనిక్స్ తరహా కంప్యూటర్లలో వరుసలోంచి కావలసిన గడులను తీసిచ్చే కట్ (cut) ఆదేశానికి రెండో గడి, ఒకటో గడి అని చెప్పి చూశాను. మనం ఏ వరుసలో అడిగినా, ఫైలులో ఉన్న వరుసలోనే అది గడులను ఇస్తుంది. ముందువెనుకలు మార్చడానికి, ఫైలును వరుసవరుసగా చదివి గడులను మనం చెప్పినట్టు రాసే ఆక్ (awk) అనే చిన్న భాష కావాలి. 1977లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో దాన్ని రూపొందించిన అహో, వైన్‌బర్గర్, కెర్నిగన్‌ల ఇంటిపేర్ల మొదటి అక్షరాలే దాని పేరయ్యాయని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషం కలిగింది. అందులో డాలర్ గుర్తు పక్కన అంకె వేస్తే ఆ సంఖ్య గడి అని అర్థం; డాలర్ రెండును ముందు, డాలర్ ఒకటిని తరువాత ముద్రించమంటే గడులు చోటు మారతాయి.

ఒక నెల పేర్లన్నీ ఒక్క మాటవే ఉన్న చిన్న ఫైలు వచ్చింది, పేర్ల మధ్యలో ఖాళీలు లేవు కనుక ఇబ్బంది ఉండదనుకున్నాను. గడులను వేరుచేస్తూ వాటి మధ్య ట్యాబ్ అనే ఖాళీ గుర్తు ఉన్నా, ఆ సంగతి ఆక్‌కు చెప్పకుండానే నడిపాను. చెప్పకపోతే అది వరుసగా ఉన్న ఖాళీలను, ట్యాబ్‌లను కలిపి ఒక్కటిగానే లెక్కిస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు లేని ఉదయగిరి పెద్దాయన ఖాళీ గడి అలా మాయమై, వెనుక ఉన్నవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరిగాయి, ఖాతా సంఖ్య ఉండవలసిన చోట పుట్టిన తేదీ చేరింది. “అబ్బయా, నా డబ్బులింకా పళ్లేదు, కావలిలో పిల్ల ఫీజు కట్టాల” అని ఆయన ఫోన్ చేసేవరకూ నాకు తెలియలేదు. నాలుగు రోజుల ఆలస్యం, అది పూర్తిగా నా తప్పు.

విండోస్ నుంచి వచ్చిన ఫైళ్లతో చిక్కు వేరు. వరుస చివర క్యారేజ్ రిటర్న్ అనే, వరుస మొదటికి తిరిగి వెళ్లమనే కనబడని గుర్తు ఉంటుంది కనుక, చివరి గడిని ముందుకు తెస్తే అదీ వెంట వస్తుంది. తెరమీద ఇంటిపేరు వెళ్లి ఉద్యోగి సంఖ్య మీద పడుతుంది. ఆ గుర్తును ముందే, అక్షరాలను మార్చే లేదా తీసేసే టీఆర్ (tr) ఆదేశంతో తీసేస్తాను.

ఇప్పుడు ఏ ఫైలు వచ్చినా ట్యాబ్‌నే విభజన గుర్తుగా ఇచ్చి, ఆక్‌లోని ఎన్‌ఎఫ్ (NF)తో ప్రతి వరుసలోని గడుల సంఖ్యను రాబట్టి, వరుసలో పేర్చే సార్ట్ (sort), ఒకేలాంటివాటిని కలిపే యునిక్ (uniq) ఆదేశాలతో లెక్క చూస్తాను. ఒకే సంఖ్య రావాలి. వచ్చాక కూడా ఇంటిపేరు గడి ఖాళీగా ఉన్న వరుసలను విడిగా తీసి, ఒక్కొక్కదాన్ని పాస్‌పోర్టు నకలుతో సరిచూశాకే బ్యాంకుకు పంపుతాను.