కురుసుర మోడల్‌కి బుల్లి పంచ్‌లు: నా అనుభవం

మా విశాఖ ఆర్.కె. బీచ్‌లో ఉన్న ఐఎన్ఎస్ కురుసురను 1:100 స్కేలులో కడుతున్నాను. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన ఆ సబ్‌మెరైన్ పొడవు 91 మీటర్ల పైచిలుకు. నాది 91 సెంటీమీటర్లు. లోపల చెక్క, పైన 0.2 మి.మీ. రాగి రేకు. వెనక మూడు ప్రొపెల్లర్లు, ఇత్తడివి. ఈ సైజు రేకు వంచడానికి మామూలు పనిముట్లు పనికిరావు, సొంతంగా చేసుకోవాల్సిందే.

రేకు మడత పెట్టే బ్రేక్ ఒక్క పూటలో అయిపోయింది: రెండు యాంగిల్ ముక్కలు, ఒక మడతబందు, అంతే. గుండ్రంగా వంచే మూడు రోలర్లకు కూడా పెద్ద కష్టం లేదు.

చుక్కలు చూపించింది పంచ్‌లే, అంటే రేకు మీద ఆనించి సుత్తితో కొట్టే కడ్డీలు. ప్రొపెల్లర్ రెక్కకు వంపు రావాలంటే మొన గుండ్రంగా, గట్టిగా ఉన్న ఉక్కు పంచ్ కావాలి. దానికి సిల్వర్ స్టీల్ (పేరుకే సిల్వర్, కాచి ముంచితే గట్టిపడే ఉక్కు) రాడ్ కొని, ఒక లేత్ షాపుకి తీసుకెళ్లాను. ఆయన రాడ్ చేతిలోకి తీసుకోకుండానే, "ఏటి బాబూ, బొమ్మలకా? బొమ్మలు కొనుక్కుంటారు గానీ చేసుకుంటారేటి?" అన్నాడు. పక్కన కుర్రాళ్లు పకపకా నవ్వారు. ఒళ్లు మండిపోయింది. ఓడలు కట్టే ఊరు ఇది, 1948లో జలఉష నీళ్లలోకి దిగింది ఇక్కడే. అలాంటి ఊళ్లో ఓడ మోడల్ కట్టేవాడికి ఇదా మర్యాద? చిన్న జాబ్ వద్దనుకుంటే వద్దని చెప్పొచ్చు, నవ్వక్కర్లేదు.

మొనలు ఇంట్లోనే డ్రిల్ మెషీన్‌కి బిగించి, ఆకురాయితో గుండ్రం చేసుకున్నాను. లేత్ మీద చేసినవాటికి ఏమాత్రం తీసిపోవు, గర్వంగానే చెబుతున్నాను. ఆ తర్వాత మొదలైంది అసలు టెన్షన్. ఎర్రగా కాచి నూనెలో ముంచితే ఉక్కు గట్టిపడాలి. ఎన్నిసార్లు ముంచినా ఆకురాయి పెడితే మెత్తగా కోసుకుపోతోంది. మంట చాలలేదేమో, నూనె మంచిది కాదేమో అని వారాల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నాను.

తేల్చింది కంచరపాలెంలో ఒక రిటైర్డ్ టర్నర్ బాబాయ్. రాడ్‌ని గ్రైండర్‌కి ఆనించి, "రవ్వలు చూడు" అన్నారు. పొడుగ్గా, నిటారుగా, కొమ్మలు లేకుండా పోతున్నాయి. "ఇది ఎమ్మెస్ బాబూ, మైల్డ్ స్టీల్. కార్బన్ చాలదు, జన్మలో గట్టిపడదు." తన దగ్గరున్న అసలు సిల్వర్ స్టీల్ ఆనిస్తే రవ్వలు కొంచెం దూరం పోగానే చిటపటా పేలి పూతల్లా విచ్చుకున్నాయి. అందులో కార్బన్ దాదాపు ఒక శాతం. ఎమ్మెస్‌లో అందులో నాలుగో వంతు కూడా ఉండదు. అంటే సిల్వర్ స్టీల్ ధర తీసుకుని మామూలు ఇనుము అంటగట్టారు! నిలదీస్తే, బిల్లు లేదుగా అన్నారు. రాడ్ ఎక్కడ కొన్నా బిల్లు అడగండి, ముక్క కోసి రవ్వలు చూడనిదే డబ్బు ఇవ్వకండి.

అసలు సరుకు దొరికాక ఒక్క సాయంత్రంలో పనైపోయింది. ఎండలో ఎరుపు తెలియదు, నీడలో కాచాలి. అయస్కాంతం అంటుకోవడం మానేశాక ఇంకాస్త కాచి, వేరుశనగ నూనెలో నిలువుగా దించాను. ఆకురాయి గాజు మీద జారినట్టు జారింది! అలాగే వదిలేస్తే దెబ్బకు పెళుసుగా విరుగుతుంది. అందుకే ఎమెరీ కాగితంతో రుద్ది మెరిపించి, వెనక వైపు నుంచి నెమ్మదిగా వేడి చేశాను. లేత పసుపు రంగు మొన దాకా పాకగానే నీళ్లలో ముంచాను. ఆ రంగు సుమారు 230 డిగ్రీల దగ్గర వస్తుంది. ఒక్క క్షణం ఏమరిస్తే గోధుమ, ఊదా, నీలం వరసగా వచ్చేస్తాయి, మొన మెత్తబడుతుంది.

ఇప్పుడు సీసం దిమ్మ మీద కాగితం వేసి, పైన ఇత్తడి రేకు పెట్టి కొడుతున్నాను. కాగితం తప్పనిసరి, సీసం అంటిన రేకును మంట మీద పెట్టకూడదు. కొట్టేకొద్దీ ఇత్తడి బిరుసెక్కుతుంది. మసక ఎరుపు వచ్చేదాకా కాచి చల్లారనిస్తే మళ్లీ లొంగుతుంది. మొదటి ప్రొపెల్లర్ రెక్కలన్నీ ఒకే వంపులో వచ్చాయి. వాటిని బాబాయ్‌కి చూపిస్తే భూతద్దం తీసి ఒక్కో రెక్కా తిప్పి చూసి, మిగతా రెండు ప్రొపెల్లర్ల పంచ్‌లకూ సిల్వర్ స్టీల్ తనే ఇస్తానన్నారు.