రెక్కలు పెట్టని కొంగ

నిన్న రాత్రి ఫ్రెండ్ ఒకావిడ తను రాసిన కవిత వాట్సాప్‌లో పంపింది, వదిలేసిన కలల మీద. కలలంటే అటక మీద దుమ్ముపట్టిన ట్రంకుపెట్టెలట. బానే ఉంది గానీ ఆ పెట్టె ఇప్పటికే చాలామంది తెరిచేశారు కదా. నన్ను పట్టేసింది చివర్లో వచ్చిన మాట, రెక్కలు పెట్టకుండా ఆపేసిన కొంగ.

మాది పర్లాకిమిడి, ఇక్కడ కొమ్ముతో బొమ్మలు చేస్తారు, మా మావయ్యా చేసేవాడు, కొమ్ముకి సెగ చూపించి మెత్తబడగానే వంచేయాలి, చల్లారిందంటే ఇక మన మాట వినదు. నాకూ నేర్పుతానన్నాడు, నేనేమో చేతులకి పట్టిన ఆ కాలిన వెంట్రుకల వాసన భరించలేక, గుణుపూర్ చిన్నరైలు ఆపేసిన ఏడే, 2004లో, కంప్యూటర్ కోర్సని బరంపురం చెక్కేశా. నేను మొదలెట్టిన కొంగ అలాగే ఉండిపోయింది, మెడ వంకర, ఒక పక్క ఇంకా రంపం గీతలే.

ఇప్పుడది అత్త పూజగదిలో ఉంది, రెక్కల కోసం పెట్టిన బెజ్జంలో అగరొత్తులు గుచ్చుతోంది! కవితలో కొంగేమో ఎగరలేక ఏడ్చింది. ఫొటో తీసి ఫ్రెండ్‌కి పంపా. "అయ్యో, ఆ లైను మార్చాలేమో" అంది.