వెన్న వెయ్యలేదక్కా

మా బాబుకు పాలు పడవు. పాలంటే పాలొక్కటే కాదు. పెరుగు, మజ్జిగ, నెయ్యి, వెన్న, కోవా, పనీరు, ఏదీ పడదు. మా అనంతపురంలో ఈ మాట ఎవరికి చెప్పినా ముందు నమ్మరు, తర్వాత జాలిపడతారు, ఆ తర్వాత ఒక సలహా చెప్తారు. వాడికిప్పుడు ఐదేళ్లు నిండాయి. మొన్న బెంగుళూరులో అలర్జీ డాక్టరుగారు వాడిని ఆసుపత్రిలోనే ఎదురుగా కూర్చోబెట్టుకుని, పాలు కలిపి ఓవెన్‌లో బాగా కాల్చిన కేకును చిటికెడుతో మొదలుపెట్టి కొంచెం కొంచెం పెంచుతూ తినిపించారు. ఆ తర్వాత చాలాసేపు కదలనివ్వకుండా చూశారు. ఒంటిమీద ఒక్క దద్దురు కూడా లేవలేదు. "మామూలు పాలు, పెరుగు ఇంకా వద్దు గానీ, దారిలో పడ్డాడమ్మా" అన్నారు. ఆ మాట విన్నాకే నా గుండె కుదుటపడింది. ఇన్నాళ్లూ ఈ సంగతి రాద్దామని కూర్చుంటే ఆ రాత్రి గుర్తొచ్చి లేచిపోయేదాన్ని. ఇప్పుడు రాయగలుగుతున్నాను.

మొదటి సంగతులు తొందరగా చెప్పేస్తాను. నా పాలు చాలక డబ్బాపాలు పట్టించిన రోజే వాడి మూతి చుట్టూ ఎర్రగా దద్దుర్లు లేచాయి, తాగినదంతా కక్కేశాడు. అప్పుడు చూపించిన పిల్లల డాక్టరు వాడిని సరిగ్గా చూడను కూడా చూడలేదు. "లాక్టోజ్ పడలేదు, మేకపాలు పట్టించండి" అని పంపించేశాడు. మా మామ పల్లెకు పోయి మేకపాలు తెచ్చాడు. రెండు చెంచాలకే ముందటి కంటే ఎక్కువైంది. తర్వాత బెంగుళూరులో చర్మం మీద సూదితో గీచి చూసే పరీక్ష, రక్త పరీక్ష చేశాక తేలింది, వాడికి పడనిది పాలలోని చక్కెర కాదు, ప్రొటీన్ అని. లాక్టోజ్ అనేది చక్కెర. అది అరగకపోతే కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి, అంతకుమించి ప్రాణం మీదికి రాదు. కేసిన్, వే అనే ప్రొటీన్లకు అలర్జీ ఉంటే మాత్రం కొన్ని నిమిషాల్లోనే గొంతు దాకా రావచ్చు. ఆవుపాల అలర్జీ ఉన్న పిల్లల్లో నూటికి తొంభైమందికి మేకపాలూ పడవు, ఆ రెండింటి ప్రొటీన్లు అంత దగ్గరగా ఉంటాయి. బర్రెపాలూ నమ్మడానికి లేదు. కాచినంత మాత్రాన కేసిన్ పోదు, పిండిలో కలిపి చాలాసేపు కాల్చిన కేకు సంగతి వేరు. ఇదంతా నేను తర్వాత నేర్చుకున్నాను. ఆ మొదటి డాక్టరు మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపం పోలేదు. తెలియకపోతే తెలియదని ఒక మాట చెప్పి వేరే చోటికి పంపి ఉండొచ్చు కదా.

ఇంట్లో వాళ్లు వాడి కోసం ఎంతో మారారు. మా అత్త నెయ్యి లేనిదే ముద్ద దిగదనే మనిషి. అలాంటిది వాడు తినే చోట నెయ్యిగిన్నె పెట్టడమే మానేసింది. రాగిసంగటిలోకి చెనిక్కాయల చట్నీ, నువ్వులపొడి, పప్పు, వాడి గిన్నెకు వేరే గరిటె. ఆ గరిటె ఎవరైనా పొరపాటున పెరుగులో పెడితే ఊరుకునేది కాదు. పండక్కి ఓలిగలు చేస్తే ముందు వాడివి నూనెతో కాల్చి తీసి దాచిపెట్టి, ఆ తర్వాతే మిగతావాళ్లకు నెయ్యి వేసి కాల్చేది. వాడు నాలుగేళ్ల దాకా క్షేమంగా పెరిగాడంటే అందులో సగం పుణ్యం మా అత్తదే.

నాలుగో ఏడు వేసవిలో మా మరిది వాళ్లూ మేమూ కలిసి బెంగుళూరు దగ్గర ఒక పెద్ద పార్కుకు పోయాం. నీళ్ల ఆటలు, రంగులరాట్నాలు అన్నీ ఉండే పార్కు. పేరు రాయను. తెల్లవారుజామునే లేచి వాడికని ఉగ్గాని, చిత్రాన్నం చేసుకుని, అరటిపండ్లు పెట్టుకుని బయల్దేరాను. గేటు దగ్గర సెక్యూరిటీ డబ్బా తెరిపించాడు. "బయటి తిండి లోపలికి లేదు మేడం. చంటిపిల్లల తిండి అయితే సరే." నేను డాక్టరు చీటీ చూపించాను. అటూ ఇటూ తిప్పి చూసి సూపర్‌వైజర్ని పిలిచాడు. ఆయనొచ్చి, "లోపల అన్నీ దొరుకుతాయి మేడం, ప్యూర్ వెజ్ కౌంటర్ కూడా ఉంది" అన్నాడు. ప్యూర్ వెజ్ కౌంటర్లోనే కదా వెన్నా నెయ్యీ పనీరూ ఉండేది! ఎంత చెప్పినా వినలేదు. డబ్బా తీసుకుపోయి కారులో పెట్టి రావాల్సి వచ్చింది.

లోపల ఫుడ్ కోర్టంతా తిరిగాను. పాప్‌కార్న్‌లో వెన్న. ఉడకబెట్టిన మొక్కజొన్న గింజల్లో వెన్న. నాన్ పిండిలో పెరుగు, పైన మళ్లీ వెన్న. బిర్యానీలో పెరుగు. ఆలూ ఫ్రైస్‌లో ఏమీ లేదు గానీ, అదే నూనెలో పనీర్ పకోడీ తేలుతోంది. మసాలా చిప్స్ ప్యాకెట్ తిప్పి చదివితే వే పౌడర్. వాడేమో నీళ్లలో ఆడి ఆడి ఆకలితో నా చీర కొంగు లాగుతున్నాడు. చివరికి దోసెల కౌంటర్ దగ్గర ఆగాం. అక్కడి అబ్బాయి మా మాట విని తెలుగులోనే పలకరించాడు, చిత్తూరు వైపు వాడట. నాకు ప్రాణం లేచొచ్చింది. మా ఆయన నిదానంగా చెప్పాడు: "తమ్ముడూ, పిల్లోడికి పాల అలర్జీ ఉంది. వెన్న, నెయ్యి తగిలినా ప్రమాదం. కడిగిన పెనం మీద ఉత్త నూనెతో ఒక్క దోసె వేయగలవా?"

"దానికేముందన్నా, నూనెతోనే వేస్తా."

దోసె బాగా ఎర్రగా కాలి వచ్చింది. వాడు సగం తిన్నాడు. తినడం ఆపి, "అమ్మా, నాలుక మీద చీమలు పాకుతున్నాయి" అన్నాడు. చూస్తుండగానే పైపెదవి ఉబ్బింది. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మెడ మీద, పొట్ట మీద దద్దుర్లు. వాడిని చంకనేసుకుని కౌంటర్ దగ్గరికి పరిగెత్తి "ఏం వేశావు ఇందులో?" అని అరిచాను. ఆ అబ్బాయి ముఖం పాలిపోయింది. "వెన్న వెయ్యలేదక్కా, దేవుడి తోడు. ముందు బెణ్ణె దోసె, అదే వెన్న దోసె, వేసిన పెనమే, గుడ్డతో బాగా తుడిచే వేశాను. అంత కొంచానికే ఏమవుతుందక్కా?"

అంత కొంచెం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కానీ ఆ అబ్బాయిని నేను ఎప్పుడో క్షమించేశాను. పొద్దుట్నుంచి ఆ సెగ దగ్గర నిలబడి దోసెలు పోసే పిల్లాడికి పాల అలర్జీ అంటే ఏమిటో ఎవరు నేర్పించారు? వాడికి రెండో పెనం ఎవరిచ్చారు? గేటు దగ్గర నా డబ్బా ఆపించిన వాళ్లు, లోపల నా బిడ్డకు తినే తిండి ఒక్కటీ పెట్టని వాళ్లు, వాళ్లను మాత్రం క్షమించలేదు.

పార్కు వాళ్ల అంబులెన్సులోనే దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకుపోయారు. ఇంజెక్షన్లు చేశారు, ఆవిరి మందు పట్టించారు. వాపు దిగింది. గంట గడిచిందో లేదో అక్కడి డాక్టరు "తగ్గింది కదా, ఇక తీసుకెళ్లండి" అన్నాడు. మళ్లీ వస్తుందేమోనని అడిగాను. నవ్వి, "తల్లులు భయపడితేనే పిల్లలు భయపడతారమ్మా" అన్నాడు. ఆ నవ్వును నేను మరిచిపోలేదు.

బెంగుళూరు నుంచి అనంతపురం సుమారు 210 కిలోమీటర్లు. సిటీ ట్రాఫిక్ దాటి హైవే ఎక్కేసరికే చీకటి పడింది. వాడు నా ఒళ్లో పడుకున్నాడు. బాగేపల్లి దాటాక నిద్రలోనే చెవులు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత దగ్గు. జలుబు దగ్గు కాదు, లోపలెక్కడో పట్టేసినట్టు, పొడిగా, ఆగకుండా. "నీళ్లు తాగుతావా నాన్నా?" అంటే "ఊఁ" అన్నాడు. ఆ గొంతు వాడిది కాదు. బొంగురుగా, ఎవరో పెద్దవాళ్ల గొంతులా ఉంది. మొబైల్ లైటు వేసి చూస్తే పెదాల చుట్టూ రంగు మారింది, ఊపిరి పీల్చినప్పుడల్లా మెడ కింద గుంట లోపలికి పోతోంది. కాసేపటికి నా మీద వాలిపోయాడు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటున్నాడు. మా ఆయన చేతులు స్టీరింగ్ మీద వణకడం నేను చూశాను. నోటికొచ్చిన దేవుడినల్లా పిలిచాను. పెన్నహోబిలం నరసింహస్వామి మా ఇంటి దేవుడు. స్వామీ, బిడ్డను నాకు దక్కించు, నీ కొండకు వచ్చి పానకం పోస్తానని మొక్కుకున్నాను.

రోడ్డు పక్క ఊళ్లో చిన్న నర్సింగ్ హోమ్ బోర్డు కనిపించింది. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చాలా చిన్న వయసు అమ్మాయి, జుట్టు ముడివేసుకుంటూ బయటికి వచ్చింది. రెండే ప్రశ్నలు అడిగింది. "ఏం తిన్నాడు? బరువెంత?" వాడి బరువు 15 కిలోలని నాకు తెలుసు, చెప్పాను. ఆంప్యూల్ విరిచి, సన్న సిరంజిలో మందు లాగి, నిక్కరు పక్కకు జరిపి తొడ బయటి వైపు కండలోకి ఇచ్చేసింది. కాగితాలు, అడ్వాన్స్ అంటూ అడగలేదు. నేను వాడిని ఎత్తుకోబోతే, "ఎత్తొద్దమ్మా, నిలబెట్టొద్దు, పడుకోనీ" అని కాళ్ల కింద దిండు పెట్టింది. ఆక్సిజన్ పెట్టారు. నేను గోడ గడియారం వైపు చూస్తూ నిలబడ్డాను. ఆ ముల్లు కదిలినట్టే లేదు. ఉన్నట్టుండి వాడు గట్టిగా ఏడ్చాడు, వాడి సొంత గొంతుతో. అంతవరకు నోరు మెదపని మా ఆయన వరండాలోకి పోయి గోడకు తల ఆనించి ఏడ్చాడు.

ఆ డాక్టరమ్మ తొడకు ఇచ్చిన మందు అడ్రినలిన్. "ఇది మీకు అక్కడే వేసి ఉండాల్సింది" అని మాత్రం అంది ఆ అమ్మాయి, ఎవరినీ తిట్టలేదు. ఇలాంటి అలర్జీ ఒకసారి తగ్గి, కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టవచ్చట. అందుకే వెంటనే ఇంటికి పంపకుండా కనిపెట్టుకుని ఉండాలి. తెల్లారేదాకా ఆమె గంట గంటకూ వచ్చి చూసింది. పొద్దున వెళ్లేటప్పుడు కాళ్లకు దండం పెట్టబోతే వెనక్కి జరిగి, "బెంగుళూరులో మీ డాక్టరుతో మాట్లాడి ఈ మందు దగ్గర పెట్టుకోండక్కా" అంది. ఆమె ఎక్కడున్నా చల్లగా ఉండాలి.

అప్పటిదాకా మాకు అడ్రినలిన్ సంగతి ఎవరూ చెప్పలేదు. దద్దుర్లకు సెట్రిజిన్ సిరప్ రాసిచ్చారంతే. ఈ సిరప్ దురద తగ్గిస్తుంది గానీ గొంతు వాపును, బీపీ పడిపోవడాన్ని ఆపలేదు. ఇలాంటి పిల్లలున్న ఇంటివాళ్లు మీ డాక్టరును అడ్రినలిన్ గురించి మీ అంతట మీరే అడగండి. పిల్లలకు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము లెక్కన ఇస్తారు, మోతాదు మాత్రం డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. విదేశాల్లో పెన్నులా ఉండే ఇంజెక్షన్ వస్తుంది. మన వైపు మందుల షాపుల్లో అది సులభంగా దొరకదు. మా డాక్టరుగారు ఆంప్యూల్, ఒక ఎం.ఎల్. సిరంజి ఇచ్చి, నాకూ మా ఆయనకూ మా అత్తకూ నీళ్లతో ప్రాక్టీసు చేయించారు. మా అత్త అందరికంటే బాగా నేర్చుకుంది. మన అనంతపురం ఎండల్లో ఆ మందును కారులో వదిలేయకూడదు, వేడికి, వెలుతురుకు పాడవుతుంది. ఎక్స్‌పైరీ తేదీ చూసుకుంటూ ఉండాలి. దద్దుర్లతో పాటు గొంతు మారినా, ఆగని దగ్గు వచ్చినా, మత్తుగా వాలిపోయినా ముందు ఆ సూదే. ఆసుపత్రి ఆ తర్వాత.

ప్యాకెట్ల సంగతి కొంత నయం. 2020లో వచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం పాలు ఉంటే ఉన్నాయని ప్యాకెట్ మీద విడిగా రాయాలి. 10 చోట్ల గానీ అంతకుమించి గానీ శాఖలున్న పెద్ద హోటళ్లు కూడా అలర్జీ వివరాలు చూపించాలి. దోసెల కౌంటర్లకు, మొక్కజొన్న బండ్లకు అదేమీ పట్టదు. మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది. అక్కడి డిస్నీ పార్కుల్లో అలర్జీ ఉన్నవాళ్లకు వేరే మెనూనే ఉంటుందని, అడిగితే వంట చూసే మనిషే బల్ల దగ్గరికి వచ్చి మాట్లాడతారని చెప్పింది. వింటుంటే కడుపు మండింది. ఇక్కడ అంత అక్కర్లేదు. ఒక విడి పెనం, ఒక విడి గరిటె, గేటు దగ్గర డాక్టరు చీటీ చదివే మనిషి ఒకరు, ఇవి చాలు. టిక్కెట్టుకు అంతంత తీసుకునేవాళ్లకు ఇది పెద్ద ఖర్చా?

మొక్కు తీర్చుకున్నాం. పెన్నహోబిలంలో బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన పానకం వాడు మూడు గ్లాసులు తాగాడు. అర్చకస్వామి పెరుగన్నం ప్రసాదం పెట్టబోతే వాడే చేతులు వెనక్కి పెట్టుకుని, "నాకు పాల అలర్జీ స్వామీ" అన్నాడు. ఆయన విసుక్కోలేదు, లోపలికి పోయి ఒక అరటిపండు తెచ్చి చేతిలో పెట్టారు.

దసరా సెలవుల్లో మళ్లీ ఒక పార్కుకు పోదామని వాడు గోల చేస్తున్నాడు. ఇది వేరే పార్కు. ముందే ఫోన్ చేసి కిచెన్ ఇన్‌చార్జితో మాట్లాడాను. డాక్టరు చీటీ పంపితే వాడి డబ్బా గేటు దగ్గర ఆపరని, కావాలంటే వాడికి విడిగా కడిగిన పెనం మీద దోసె వేయిస్తానని చెప్పాడు, ఆ మాట మెసేజ్‌లో కూడా రాసి పంపమంటే పంపాడు. ఆ దోసె తినిపిస్తానో లేదో అక్కడికి వెళ్లి పెనం చూశాకే చెప్తాను. ఉగ్గాని మాత్రం కట్టుకునే పోతాను.