ఉప్పు తగిలిన చెట్లు

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి న్యూయార్క్‌లోని పెన్ స్టేషన్‌కి రానూపోనూ ఇద్దరికీ రైలు టికెట్లు తక్కువేం కాదు. అంత పోసి ఎండిపోయిన చెట్లు చూడ్డానికి వెళ్తున్నామని తెలిశాక, రైలు దిగేదాకా అమ్మ నాతో సరిగ్గా మాట్లాడలేదు. అది 2021 వేసవి. కోవిడ్ వల్ల ఊరికి తిరిగి వెళ్లలేక మా దగ్గరే ఉండిపోయింది. దారిలో ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ చూపించాను. "మళ్లీ చూస్తాలే, పద" అంది.

మాడిసన్ స్క్వేర్ పార్కులో పచ్చిక మధ్య 49 సెడార్ చెట్లు నిలబెట్టారు. ఒక్కొక్కటి 40 అడుగుల ఎత్తు ఉంటుంది, ఒక్కదానికీ ఆకు లేదు. చుట్టూ పార్కు చెట్లు నిండుగా పచ్చగా ఉంటే, మధ్యలో ఇవి బూడిద రంగులో ఉన్నాయి. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో చనిపోయిన సైనికుల పేర్లు చెక్కిన నల్లగోడను రూపొందించిన మాయా లిన్, ఈ 'ఘోస్ట్ ఫారెస్ట్' (దెయ్యాల అడవి) అనే కళారూపం కూడా చేశారు. 2020లోనే రావాల్సింది, కోవిడ్ వల్ల ఏడాది ఆలస్యమైంది.

అమ్మకు అస్సలు నచ్చలేదు. "చచ్చిన చెట్టుని ఎవరైనా ఇంటి ముందు ఉంచుకుంటార్రా? పోయిందాన్ని తొందరగా పంపించెయ్యాలి" అంది.

"ఇవి మన న్యూజెర్సీవే అమ్మా, పైన్ బ్యారెన్స్ నుంచి తెచ్చారు. సముద్రం పెరిగి ఉప్పునీరు ఎక్కేసరికి చచ్చిపోయాయి. అక్కడ అడవిని మళ్లీ బాగుచెయ్యడానికి ఎలాగూ నరకాల్సినవే."

అమ్మ ఇక మాట్లాడలేదు. ఓ చెట్టు దగ్గరికెళ్లి బెరడు మీద గోటితో గీసి చూసింది. తర్వాత అక్కడే గడ్డి మీద కూలబడింది. నేను పులిహోర డబ్బా తీశాను, వద్దంది. పక్కన బర్గర్ల కొట్టు ముందు క్యూ పార్కు గేటు దాకా ఉంది. పిల్లలు చెట్ల మధ్య పరుగులు పెడుతున్నారు. ఎవరో ల్యాప్‌టాప్ తెరిచి పని చేసుకుంటున్నాడు. ఒకప్పుడు మన్‌హట్టన్‌లో తిరిగిన జంతువుల, పక్షుల అరుపులు ఫోన్లో వినేలా పెట్టారు. అమ్మ చెవికి ఇయర్‌ఫోన్ పెడితే కాసేపు విని తీసేసింది.

"మీ పెదమావయ్య తోటలో ముందు మొవ్వు వాలిందిరా. పురుగనుకుని మందు కొట్టించాడు."

కోనసీమలో శంకరగుప్తం డ్రెయిను, అంటే పొలాల నీరు సముద్రంలోకి పోయే మురుగుకాలవ, దాని పక్కన మా మావయ్యల కొబ్బరితోట. పోటు సమయంలో సముద్రపు నీరు డ్రెయినులోంచి వెనక్కి తన్ని తోటల్లోకి వస్తుంది. చెట్టుకి కాపు తగ్గుతుంది, ఆకులు రాలతాయి, చివరికి తల ఊడిపోయి మోడు మిగులుతుంది. కోనసీమ అంటే పడవలో కూర్చుని ఫొటోలు దిగే పచ్చదనం ఒక్కటే అనుకునేవాళ్లు రాజోలు దాటి ఆ డ్రెయిను గట్టు మీద ఓసారి నడవాలి. చచ్చిన చెట్టుకి వ్యాపారి ఇచ్చేది నరికిన కూలికి కూడా సరిపోదు. తాత నాటిన చెట్టు లారీ ఎక్కుతుంటే మావయ్య ఒక్కడే నిలబడి చూస్తాడు. ఎవరికి చెప్పుకుంటాడు? ఊళ్లో అందరిదీ అదే కథ. ఇక్కడ ఊరి నడిమధ్యకి తెచ్చి నిలబెట్టారు కాబట్టి, తెలియనివాళ్లు కూడా ఆగి ఇవెందుకు చచ్చిపోయాయని అడుగుతున్నారు. ఆ అడగడం మా తోటలకి దక్కలేదు. నాకు దుఃఖం, కోపం కలిసి వచ్చాయి.

అమ్మ చాలాసేపు కదల్లేదు. మేం ఎక్కాల్సిన రైలు వెళ్లిపోయింది, తర్వాతిదీ వెళ్లిపోయింది.

ఆ నవంబరులో చెట్లను దించేశారు. కలపతో బ్రాంక్స్‌లో పిల్లలు పడవలు కట్టారు. నగరమంతా కలిపి 1000 చెట్లు, పొదలు కూడా నాటారు. అప్పటికి అమ్మ ఊరు చేరింది. ఆ సంగతి ఫోన్లో చెబితే, తన సంగతి చెప్పింది. డ్రెయిను వైపు వరసలో మోడుల్ని నరకొద్దని మావయ్యతో పోట్లాడిందట. "అధికారులొచ్చి చూసేదాకా అవి అక్కడే ఉంటాయి. లారీవాడికి అదే చెప్పి పంపించేశాను" అంది.